బండికేం రోగం లేదన్నాను

మెకానిక్ పనిలోకి కొత్తగా వస్తున్న మీకు ఒక మాట ముందే చెప్పేస్తాను. బ్రేకు పడని బండి, స్టార్టు కాని బండి వస్తే సంతోషించండి. రోగం కళ్లెదుట ఉంటుంది, వెతుక్కుంటే దొరుకుతుంది. మనల్ని ఏడిపించేవాడు వేరే ఉన్నాడు. వాడు వచ్చి, "మేస్త్రీ, బండి లాగడం లేదు" అంటాడు. షెడ్డులో స్టార్టు చేస్తే ఇంజను గడియారంలా ఆడుతుంది. వీధి చివరిదాకా తోలితే బుద్ధిగా పోయి బుద్ధిగా వస్తుంది. ఎక్కడో లారీని దాటబోతున్నప్పుడో, ఎత్తు ఎక్కుతున్నప్పుడో మాత్రం, యాక్సిలరేటర్ నేలకు ఆనేదాకా తొక్కినా ముందుకు పోనని మొండికేస్తుంది. మళ్లీ మన దగ్గరికి రాగానే ఏమీ ఎరగనట్టు నిలబడుతుంది.

నా పేరు ఖాదర్. ఆదోనిలో ఎమ్మిగనూరు రోడ్డు పక్కన నా షెడ్డు ఉండేది. కారు కిందికి దూరితే మోకాళ్లు మళ్లీ లేవనివ్వకపోవడంతో షెడ్డు ఇంకొకరికి అప్పగించి ఇంట్లో కూర్చున్నాను. నేను ఎంతటివాణ్ణో చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. ఆ గొప్పలు మా ఇంట్లో రోజూ చెబుతూనే ఉన్నాను, వినలేక మా ఆవిడ టీవీ సౌండు పెంచుతోంది. షెడ్డులో ఎవరికీ సరిగా చెప్పనిది ఒకటుంది. ఒక మంచివాడి అన్నం నా నోటితో పడగొట్టబోయి, ఆఖరి ఘడియలో తప్పించుకున్నాను. అది చెప్పాలంటే మొదట మా గురువు రంగప్ప మేస్త్రి సంగతి చెప్పాలి.

ఖర్చులేని చోట మొదలుపెట్టు

రంగప్ప పొట్టి మనిషి. బుగ్గలో ఎప్పుడూ వక్కాకు ఉండేది. ఆయన షెడ్డులో చేరిన కొన్నేళ్లకు, నాకు పని వచ్చేసిందని నాకే అనిపించిన రోజుల్లో, ఒక జిన్నింగ్ మిల్లు మేనేజరు కారు వచ్చింది. లాగడం లేదన్నారు. పత్తి సీజను. మార్కెట్ యార్డు దారిలో పత్తి బండ్లు బారులు తీరి ఉన్నాయి. ఆ నెలల్లో ఆదోనిలో గాలి పీలిస్తే దూది, టీ తాగితే గ్లాసులో దూది. రంగప్ప ఊళ్లో లేడు. నేను నేరుగా కార్బురేటర్ విప్పేశాను.

విప్పడంలో ఉన్న సుఖం మీకు తెలుసు కదా! గోనెపట్టా మీద ముక్కలన్నీ పరిచి, ఒక్కొక్కటి పెట్రోలులో కడుగుతూ పెద్ద డాక్టరులా కూర్చున్నాను. రంగప్ప వచ్చి పట్టా మీదికి చూశాడు, నా మొహం చూశాడు.

"రేయ్ ఖాదరూ, గాలి డబ్బా తెరిసి సూసినావా?"

"లేదు మేస్త్రీ. కార్బురేటర్‌లో సెత్త పడింటాదని..."

ఆయన గాలి ఫిల్టరు డబ్బా మూత తీసి లోపల చెయ్యి పెట్టి ఒక దూది పొర లాగాడు. చంటిబిడ్డను పడుకోబెట్టవచ్చు, అంత మందంగా ఉంది.

"మిల్లులో నిలబెట్టే బండిరా ఇది. ఊపిరాడక సస్తాంటే నువ్వు దాని కడుపు కోసినావు గదరా!"

దూది దులిపాక ఆ కారు ఎగిరి గంతేసింది. కాకపోతే అప్పటికి కార్బురేటర్ ముక్కల్లో పెట్రోలు చిమ్మే చిన్న జెట్టు ఒకటి ఎటో దొర్లిపోయింది. దాని కోసం నేను సాయంత్రం దాకా మట్టి జల్లెడ పట్టాను. రంగప్ప పక్కన కూర్చుని వక్క నములుతూ నవ్వాడే గాని సాయం చేయలేదు.

ఆయన నేర్పింది ఇంతే. ఇంజనుకు గాలి రావాలి, డీజిలో పెట్రోలో రావాలి, పొగ బయటికి పోవాలి. లాగడం లేదంటే ఈ మూడింట్లో ఒకటి ఎక్కడో అడ్డుపడింది. విప్పకుండా చూడగలిగినవి ముందు చూడు. నల్ల పొగ కక్కుతుంటే డీజిల్ వస్తోంది, గాలే చాలడం లేదు. పొగ లేకుండా నీరసపడిపోతుంటే డీజిలే రావడం లేదేమో చూడు. ఇప్పుడు మీ చేతుల్లో, ఇంజనుకు తగిలిస్తే తప్పు చూపించే స్కానర్లు ఉన్నాయి. వాటిని నేను తిట్టను, నేనూ ఒకటి కొన్నాను, అది చాలాసార్లు నా పరువు కాపాడింది. కానీ స్కానర్‌కు తన సెన్సర్ ఉన్న చోటు వరకే తెలుసు. పొగకు ఇంజను మొత్తం తెలుసు.

ఇంకొకటి కూడా చెప్పాడు. బండి ఏ బరువుతో మూలిగిందో ఆ బరువుతోనే తోలి చూడమన్నాడు. బండి ఇచ్చినవాణ్ణే తోలమని మనం పక్కన కూర్చోవాలన్నాడు. ఇది నేను అందరికీ చెప్పాను. చెయ్యవలసిన రోజు నేను చెయ్యలేదు.

రంగప్ప నోరు

గురువును పొగిడి వదిలేస్తే మీకు సగమే చెప్పినట్టు. రంగప్ప చెయ్యి బంగారం, నోరు మాత్రం కాదు. ఒకసారి ఒక డాక్టరు గారి కారు చక్రం నట్లు ఆయనే బిగించడం మరిచిపోయాడు. కారు నాలుగు వీధులు దాటేసరికి చక్రం ఊగడం మొదలైంది. డాక్టరు మండిపడుతూ వచ్చాడు. రంగప్ప తొణకలేదు.

"యా దోవలో పోయినారు సార్? ఆ గుంతల దోవలోనా? అయ్యో, ఆడ పోతే నట్లేం నిలుస్తాయి సార్!"

డాక్టరు నమ్మాడు. పైగా థాంక్స్ చెప్పి వెళ్లాడు. ఆయన వెళ్లాక రంగప్ప నాతో అన్నాడు, "మేస్త్రి తప్పు ఒప్పుకుంటే షెడ్డు మూసుకోవాల్సిందే. గుర్తుపెట్టుకో."

నేను పాడు చెయ్యకుండా గుర్తుపెట్టుకున్న పాఠం అదొక్కటే. సొంత షెడ్డు పెట్టాక ఎన్నిసార్లు రోడ్డును తిట్టానో, ఎన్నిసార్లు కల్తీ డీజిల్‌ను తిట్టానో, ఎన్నిసార్లు డ్రైవర్లను తిట్టానో నాకే లెక్క లేదు. డ్రైవరును తిట్టడం అన్నిటికన్నా సులువు. వాడు ఓనరు ముందు ఎదురు మాట్లాడడు.

ఈరన్న బండి

ఈరన్నది ఎమ్మిగనూరు. నేతపని చేసే ఇల్లు. అతని భార్య ఇప్పటికీ మగ్గం మీద కూర్చుంటుంది. ఈరన్న మాత్రం నడుం నొప్పితో మగ్గం దిగి, పాత ఏడు సీట్ల డీజిల్ బండి ఒకటి కొని బాడుగకు తోలుతున్నాడు. నెమ్మదస్తుడు. బండిని బిడ్డలా చూసుకుంటాడు. నా దగ్గరికి వచ్చినప్పుడల్లా మగ్గం కింద పడిన తెగిన దారాలు ఒక సంచి నిండా తెచ్చి ఇచ్చేవాడు. వాటిని మేము 'వేస్టు' అంటాం. గ్రీజు తుడవడానికి అంత మంచిది ఇంకొకటి లేదు.

అతని బాడుగల్లో ముఖ్యమైనది డయాలసిస్ ట్రిప్పు. వారానికి మూడు రోజులు నలుగురు రోగుల్ని ఎమ్మిగనూరు నుంచి కర్నూలు తీసుకెళ్లి, వాళ్లకు రక్తం శుభ్రం చేసేదాకా ఆసుపత్రి బయట కాచుకుని, సాయంత్రానికి ఇళ్ల దగ్గర దింపేవాడు. తిరుగు ప్రయాణంలో వాళ్లకు కళ్లు తిరుగుతాయి, వాంతులవుతాయి. ఈరన్న గుంత కనిపిస్తే చాలు, చక్రాన్ని మెల్లగా దించి మెల్లగా ఎక్కించేవాడు. అందుకే వాళ్లు వేరే బండి ఎక్కేవాళ్లు కాదు. ఆ నలుగురిలో పెద్ద సుంకమ్మ. కూరగాయల అంగడి నడిపిన మనిషి, నోరు గట్టిది. ఆమె మాటే మిగతా ముగ్గురి మాట.

ఒకరోజు కర్నూలు వెళుతూ గోనెగండ్ల దాటాక ఈరన్న ఒక పత్తి లారీని దాటబోయాడు. ఎదురుగా బస్సు దూరంగా ఉంది, దాటడానికి కావలసినంత చోటు ఉంది. సగం దాటాక బండి చచ్చుబడిపోయింది. ఎంత తొక్కినా కదలదు. బస్సు దగ్గరికొచ్చేసింది. లారీ డ్రైవరు దేవుడిలాంటివాడు, అద్దంలో చూసి బ్రేకు కొట్టి రోడ్డు దిగాడు. ఈరన్న బండి సందులోకి దూరి బయటపడింది. లోపల నలుగురూ కేకలు పెట్టారు.

మర్నాడు ఈరన్న నా షెడ్డుకు వచ్చాడు. పక్క సీట్లో సుంకమ్మ ఉంది. మేస్త్రి ఏమంటాడో తన చెవులతో వింటానని పట్టుబట్టి వచ్చింది.

నేను స్కానర్ పెట్టాను. తప్పేమీ చూపలేదు. బండి ఎక్కి నేనొక్కణ్ణే రైల్వే స్టేషను దాకా తోలుకెళ్లి వచ్చాను. ఆటోల మధ్య, బస్సుల మధ్య, మూడో గేరు దాటలేదు. బండి చక్కగా ఉంది. ఆ రోజు షెడ్డు నిండా మనుషులున్నారు. నాకేమో ఆకలి. నా నోటికి అలవాటైన మాట వచ్చేసింది.

"బండికేం రోగం లేదప్పా. తోలేవానికే ఉండాది. గేరు మార్చేది తెలీకపోతే లారీలు దాటొద్దు. పానాలతో ఆటలా?"

షెడ్డులో ఒకరిద్దరు నవ్వారు. ఈరన్న మొహం మాడిపోయింది. "నేను గేరు మార్చినానన్నా," అని మాత్రం అన్నాడు. సుంకమ్మ అతనివైపు అదోలా చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. దాని అర్థం ఆ రోజు నాకు పట్టలేదు.

చెక్క బస్తాలు

పది రోజులకు ఈరన్న ఒక్కడే వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు.

"సుంకమ్మ పెద్దమ్మోళ్లు ఎక్కుతా లేరు, బండి అమ్మేస్తాండానన్నా. కృష్ణగిరి నుంచి ఒకాయన సోమారం వచ్చి సూస్తానన్నాడు. అమ్మేముందు ఒకే ఒక్కసారి నాతో రా. నేను తోల్తా, నువ్వు పక్కన కూసో. నాదే తప్పయితే ఇంగ స్టీరింగు ముట్టను."

ఆ మాటతో రంగప్ప గుర్తొచ్చాడు. సిగ్గేసింది. నలభై ఏళ్లుగా అందరికీ చెబుతున్న పని, తోలేవాడి పక్కన కూర్చోవడం, ఇతను అడిగితే గాని నాకు తోచలేదు.

"నలుగురు మనుషుల బరువు కావాల ఈరన్నా," అన్నాను. పక్కనున్న దాణా అంగట్లో పత్తి గింజల చెక్క బస్తాలు అడిగి ఎక్కించాం. నలుగురు రోగులకు బదులు నాలుగు చెక్క బస్తాలు సీట్లలో కూర్చున్నాయి. ఆస్పరి రోడ్డులో ఎత్తు ఉన్న చోటికి పోయాం. ఈరన్న మూడో గేరు వేసి తొక్కాడు. గేరు సరిగ్గానే వేశాడు, నా చెవులతో విన్నాను.

ముందు లాగింది. అంతలో, ఎవరో వెనక నుంచి కొంగు పట్టుకుని ఆపినట్టు ఆగిపోయింది. ఇంజను గొంతు బొంగురుపోయింది. అద్దంలో చూస్తే వెనకంతా నల్లటి పొగ. "కాలు తియ్యి" అన్నాను. తీశాడు. ఒక్క క్షణంలో గొంతు మామూలైంది. మళ్లీ తొక్కమన్నాను. మళ్లీ అదే.

"సూసినావా అన్నా!" అన్నాడు ఈరన్న. బండి చెడిపోయినందుకు అంత సంతోషించినవాణ్ణి నేను ఇంకెక్కడా చూడలేదు.

షెడ్డుకు తిరిగొచ్చాం. అతన్ని టీ తాగి రమ్మని పంపి ఒక్కణ్ణే ఆలోచించాను. ఇది మీరు జాగ్రత్తగా వినండి. నల్ల పొగ వచ్చింది కాబట్టి డీజిల్ బాగానే వస్తోంది, గాలి చాలడం లేదు. గాలి ఫిల్టరు తీసి చూశాను, శుభ్రంగా ఉంది. గాలిని నెట్టే టర్బో ఈల వినిపించింది, అది బాగానే తిరుగుతోంది. పైపులు ఎక్కడా చిరగలేదు. అంటే టర్బో దాటాక, ఇంజను నోటికి ముందు ఎక్కడో అడ్డుంది. కాలు తీయగానే సర్దుకుంటోంది కాబట్టి అది అతుక్కుపోయిన అడ్డు కాదు, కదిలేది. గాలి జోరుగా వీస్తే లేచి నోటికి అడ్డంపడుతోంది, జోరు తగ్గితే కిందికి జారి పడుకుంటోంది. నేను ఖాళీ బండిని ఆటోల మధ్య నిదానంగా తోలినప్పుడు అది లేవనే లేదు. స్కానర్‌కు గాలి ఒత్తిడి చెప్పే సెన్సర్ ఆ అడ్డుకు టర్బో వైపే ఉంది, అందుకే అంతా బాగుందని చెప్పింది.

క్లిప్పు వదులు చేసి ఇంజను నోటి దగ్గర పైపు ఊడదీశాను. వంపులో ఏదో నల్లగా ఉంది. రెండు వేళ్లతో లాగాను. పిడికిలంత దారం ఉండ. నూనెతో నానిపోయింది. వేళ్లతో విడదీస్తే లోపల ఎరుపు, చిలకపచ్చ పోగులు కనిపించాయి.

పానా పెట్టె మీద కూలబడ్డాను.

జేబులో పెట్టుకున్నది

అంతకు రెండు నెలల ముందు ఆ పైపు చిరిగితే కొత్తది వేసింది నేనే. పత్తి సీజను కదా, పైపు ఊడదీయగానే తెరిచి ఉన్న నోట్లోకి దూది ఎగిరి పడుతుందని, ఈరన్న తెచ్చిన వేస్టే ఉండ చేసి బొటనవేలితో లోపలికి నొక్కాను. ఇది మా ఊరి మెకానిక్కుల అలవాటు. దూదిని ఆపడానికి దారం పెడతాం. రంగప్ప మాత్రం అలా పెట్టేవాడు కాదు. ఎర్ర గుడ్డ పెట్టి దాని కొస మూరెడు బయటికి వేలాడదీసేవాడు. ఆ కొస బానెట్‌లో ఇరుక్కుంటుంది కాబట్టి మరిచిపోయే వీల్లేదు. గుడ్డ వెతుక్కోవడం ఎందుకు, దారం చేతికి దగ్గరగా ఉందని నేను ఆ పద్ధతి మానేశాను. ఆ రోజు శుక్రవారం. జుమ్మా నమాజుకు వేళవుతోందని చేతులు కడుక్కుని వెళ్లాను. వచ్చి కొత్త పైపు బిగించాను. లోపల ఉండ అలాగే ఉంది.

చేసిన తప్పు చెప్పాను. ఇప్పుడు దానికన్నా చెడ్డది చెబుతాను. ఈరన్న టీ కొట్టు నుంచి వస్తుండడం చూసి ఆ ఉండను జేబులో పెట్టుకున్నాను.

"దొరికిందా అన్నా?"

"పైపు వదులైండాది. బిగించినా."

మళ్లీ బస్తాలతోనే ఆస్పరి రోడ్డుకు పోయాం. బండి గుర్రంలా ఎత్తు ఎక్కేసింది. ఈరన్న పక్కకు ఆపి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్ల నిండా నీళ్లు.

"నీ చెయ్యి చల్లగుండాల అన్నా. బండి అమ్మే పన్లేదు ఇంగ."

నా జేబులో నూనె తొడకు అంటుతోంది. నేను నవ్వాను. ఎంత నీచంగా నవ్వానో నాకే తెలుసు.

రెండు రోజుల తర్వాత అతను ఫోను చేశాడు.

"సుంకమ్మ పెద్దమ్మ ఇంగా ఎక్కనంటాండాదన్నా. బండి బాగైందని సెప్పినా. బండి బాగైతే ఏమి, తోలేవాడు బాగైనాడా అంటాండాది. ఖాదర్ మేస్త్రి నోటితోనే ఇన్నాను, నీకు తోలేది రాదని, అంటాండాది. మిగతా ముగ్గురూ ఆమె ఎనకాలే. రేపటికి గూడా వేరే బండే మాట్లాడుకున్నారు."

మళ్లీ అతనే అన్నాడు, "ఊరంతా అదే మాటన్నా. కిరాయికి ఎవరూ పిలస్తా లేరు. సోమారం ఆయనకే ఇచ్చేస్తాలే." ఫోను పెట్టేశాడు.

బండి రోగం నేను కుదిర్చాను. మనిషికి అంటించిన రోగం అలాగే ఉంది. దాన్ని ఏ పానాతో విప్పాలి? అన్నం ముందు కూర్చుని ముద్ద మింగలేకపోయాను. మా ఆవిడ సంగతంతా విని, జేబులోంచి ఆ ఉండ తీసి చూసి, ఒకే మాట అంది. "దీన్ని వాళ్లకు సూపీకుండా నా ఇంట్లో ఉతకొద్దు ఆ ప్యాంటు."

ఎమ్మిగనూరులో ఆ పొద్దు

తెల్లారుతూనే మొదటి బస్సెక్కి ఎమ్మిగనూరులో దిగాను. సుంకమ్మ ఇంటి ముందు వేరే బండి ఒకటి ఆగి ఉంది. నలుగురూ నీళ్ల సీసాలు, దుప్పట్లు పట్టుకుని ఎక్కబోతున్నారు. ఈరన్నను నేనే దారిలో బతిమాలి పిలుచుకొచ్చాను. అతను ఎందుకో తెలియక తన బండి ఆపి దూరంగా నిలబడ్డాడు.

నలభై ఏళ్లలో ఒక్కసారి కూడా చెప్పని మాట అది, ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. జేబులోంచి ఉండ తీసి చూపించాను.

"సుంకమ్మక్కా, ఆ పొద్దు ఈరన్న గేరు సరిగ్గానే మార్చినాడు. బండిని ఆపింది ఇది. దీన్ని లోపల పెట్టి మర్సిపోయింది నేను. మర్సిపోయి, తప్పు అతని మీదికి తోసింది కూడా నేనే."

ఈరన్న దగ్గరికొచ్చి ఆ ఉండను చేతిలోకి తీసుకుని పోగులు విడదీశాడు.

"ఇది మా ఇంటి దారం కదన్నా," అన్నాడు.

"మీ ఇంటిదే. మొన్న దొరికినప్పుడు నీకు సూపీకుండా జేబులో పెట్టుకున్నా. పైపు వదులైందని అబద్ధం సెప్పినా."

ఈరన్న నన్ను కొడితే బాగుండేదనిపించింది. కొట్టలేదు. తల దించుకుని ఉండనే చూస్తూ నిలబడ్డాడు. సుంకమ్మ మాత్రం వదల్లేదు.

"ఏమప్పా, గడ్డం తెల్లబడింది గాని సిగ్గు రాలేదా నీకు? మా నాలుగు పానాలు దారం ముక్కకు ఏలాడదీసి, ఈ పిల్లోణ్ణి ఊర్లో తలెత్తుకోకుండా జేస్తివే! ఈడు పది పన్నెండు దినాలుగా మా ఈదిలోకే రాల్యా, తెలుసునా నీకు?"

"తెలుసక్కా. అందుకే వచ్చినా."

ఆమె ఆయాసంతో ఆగింది. నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "ఇంగేమన్నా మర్సినావా దాంట్లో? సుత్తి, పానా, నీ టోపీ?"

వెనక ముగ్గురిలో ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"లేదక్కా. మొత్తం విప్పి సూసినా."

"అయితే నువ్వు గూడా ఎక్కు. సస్తే నీతో కలిసి సద్దాం." వేరే బండి డ్రైవరుకు చెయ్యి ఊపి, "పో నాయనా, నీ తప్పేం లేదు," అని పంపేసి, కర్ర ఊనుకుంటూ ఈరన్న బండి ముందు సీటు తలుపు తెరిచింది.

నేను వెనక ఎక్కాను. గోనెగండ్ల వచ్చింది. దాటాక మా ముందు ఒక పత్తి లారీ తగిలింది. నెమ్మదిగా పోతోంది, దూది పోగులు ఎగిరి మా అద్దం మీద పడుతున్నాయి. రోడ్డు ఎదురుగా ఖాళీగా ఉంది. ఈరన్న దాటలేదు. లారీ వెనకే వెళుతున్నాడు. స్టీరింగు మీద అతని వేళ్లు తెల్లబడ్డాయి. దాటమని చెబుదామనుకున్నాను. చెప్పే హక్కు నాకెక్కడిది?

సుంకమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, "దాటు నాయనా," అంది.

ఈరన్న గేరు మార్చాడు. తొక్కాడు. నేను ముందు సీటును రెండు చేతులతో పట్టుకుని ఇంజను గొంతే వింటున్నాను. అది బొంగురు పోలేదు. ఈల వేసింది, ఊపందుకుంది, ఆరుగురినీ మోసుకుని లారీ పక్క నుంచి ముందుకు దూసుకుపోయింది. లారీ మా వెనక చిన్నదై పోయింది. ఎదురు రోడ్డు ఇంకా ఖాళీగానే ఉంది.

నాకు తెలియకుండానే ఏడుపొచ్చేసింది. పక్కనున్న ముసలాయన తన దుప్పటి కొస నా చేతిలో పెట్టాడు. ఎంత భారం దిగిపోయిందో చెప్పలేను. తప్పు దాచుకుని పరువు నిలబెట్టుకున్నప్పుడు ఎన్నడూ ఇంత హాయిగా ఊపిరి పీల్చలేదు. షెడ్డు మూతపడుతుందని రంగప్ప చెప్పింది కూడా అబద్ధమే. ఆ తర్వాత నేను పని మానుకునేదాకా ఈరన్న తన బండిని ఇంకెవరి చేతికీ ఇవ్వలేదు. కాకపోతే పైపు ఊడదీసిన ప్రతిసారీ పక్కనే నిలబడి లోపలికి తొంగి చూసేవాడు. చూడనిచ్చాను.

కర్నూలు దగ్గర పడుతుండగా సుంకమ్మ సీటు వెనక్కి వాల్చుకుని కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాం. కళ్లు తెరవకుండానే అంది:

"ఈరన్నా, ఎల్లుండి కొంచెం ముందుగానే వచ్చేయ్ నాయనా. ఆలస్యమైతే ఆసుపత్రిలో మంచం దొరకదు."

"వస్తా పెద్దమ్మా," అన్నాడు ఈరన్న.